మంచాన పడిన అత్తగారి సేవలో నా ప్రార్థన ఎక్కడికి పోయింది?

ప్రశ్న: గుంటూరు జిల్లా నుండి ఒక సోదరి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మా సంఘంలో ఎవరితోనూ చెప్పుకోలేని సంగతి ఒకటి చాలా రోజులు మనసులో పెట్టుకుని, చివరికి ఇక్కడ అడుగుతున్నాను.

పద్నాలుగు నెలల క్రితం మా అత్తగారికి పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి, మాట కూడా పోయింది. వినబడుతుంది, మనుషుల్ని గుర్తుపడతారు. ఏదో చెప్పబోయి, అది నోటికి రాక, కళ్లనీళ్లు పెట్టుకుంటారు. ఇంతకు మించి కోలుకోవడం కష్టమని వైద్యులు చెప్పేశారు. ఆమెకు ముగ్గురు కొడుకులు. బావగారు హైదరాబాదులో ఉంటారు, మరిది మా ఊళ్లోనే రెండు వీధుల అవతల ఉంటాడు. ఆమెను మాత్రం మా ఇంటికే తెచ్చారు. మావారు పొద్దున ఏడింటికి పనికి వెళితే రాత్రి తొమ్మిదింటికి వస్తారు కాబట్టి, ఒళ్లు తుడవడం నుండి జావ తాగించడం వరకూ అన్నీ నేనే చూసుకుంటున్నాను.

నా పెళ్లయి పంతొమ్మిదేళ్లయింది. మొదటి కాన్పులో ఆడపిల్ల పుట్టింది, రెండో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టింది. రెండో పాపను చూడడానికి అత్తగారు నలభై రోజుల వరకూ రాలేదు. వచ్చిన రోజున చుట్టాలందరి ముందు ఆమె అన్న మాట ఇప్పటికీ నాకు పొల్లుపోకుండా గుర్తుంది, ఇక్కడ రాయను. ఆమెను క్షమించానని మందిరంలో కన్నీళ్లతో చెప్పుకున్నాను; ఆ రోజున అది నిజమనే అనుకున్నాను. కాని ఆమెను పక్కకు తిప్పడానికి భుజం కింద చేయి పెట్టినప్పుడు నా చేతులు వాటంతట అవే గట్టిపడుతున్నాయి. అది ఆమెకు తెలుస్తుంది. అప్పుడు ఆమె కళ్లు మూసుకుంటారు.

తెల్లవారుజామున నాలుగింటికి లేచి, మోకరించి, గంటసేపు ప్రార్థించడం మా అమ్మ నాకు చిన్నప్పుడే నేర్పిన అలవాటు. పిల్లల కాన్పుల రోజుల్లో తప్ప ఎప్పుడూ మానలేదు. ఇప్పుడు రాత్రికి మూడుసార్లు లేవాలి. నాలుగింటికి మెలకువ వచ్చినా తడిసిన బట్టలు మార్చేసరికి అయిదవుతుంది, ఆ తరువాత మోకరిస్తే మంచం పట్టె మీదే తల వాల్చి నిద్రపోతున్నాను. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళ్లి ఏడాది దాటింది. ప్రభువు నేర్పిన పరలోక ప్రార్థన ఒక్కటైనా చెప్పుకుందామనుకుంటే, మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము అన్న మాట దగ్గర నోరు ఆగిపోతుంది. "నీ ప్రార్థన తగ్గింది గనుకనే మీ ఇంట్లో శ్రమ తగ్గడం లేదు" అని మా సంఘంలో ఒక పెద్దామె అన్నారు. ఆమె నా మేలు కోరే అన్నారు, అయినా ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. రెండు నెలల క్రితం ఒక రాత్రి, మూడోసారి లేచి ఆమెను తిప్పి పడుకోబెట్టాక, గోడకు ఆనుకుని కూర్చుని "ప్రభువా, ఈమెను తీసుకో" అని అడిగాను. ఆమె బాధ తీరాలని అడిగానని ఎవరైనా అనుకోవచ్చు. ఎవరి బాధ తీరాలని అడిగానో నాకు తెలుసు.

నా విశ్వాసం చచ్చిపోయిందా? దేవుని మీద నమ్మకం ఉన్న మనిషి ఇలా ప్రార్థించగలదా? అనుభవమున్న పెద్దలు ఉన్నదున్నట్టు చెప్పండి, మెత్తగా చెప్పనక్కరలేదు.


జవాబు 1: ఒంగోలు నుండి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విశ్వాసం చచ్చిపోయిన మనిషికి ఈ ప్రశ్న పుట్టదు, ముందు ఆ మాట చెప్పనివ్వు.

నేను పుట్టి పెరిగింది ఒంగోలులో. మా ఊళ్లో ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1న, తెల్లవారే వేళకు, నెల్లూరు నుండి వచ్చిన అమెరికా మిషనరీలు జూయెట్ దంపతులు, వారితో మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండ ఎక్కి, ఈ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి వేడుకున్నారు. అంతకు ముందు ఏడాదే, ఫలం కనబడడం లేదు గనుక తెలుగు మిషనును మూసివేద్దామా అని అమెరికాలో చర్చ జరిగింది. ఆ అయిదుగురూ కొండ దిగి వచ్చాక ఏం జరిగిందని పిల్లలు నన్ను అడిగేవారు. ఏమీ జరగలేదని చెప్పేవాణ్ణి. వారు నెల్లూరుకు తిరిగి వెళ్లిపోయారు. వారు అడిగిన సేవకుడు, అమెరికా బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో, అంటే పన్నెండేళ్ల తరువాత.

తరువాతి సంగతి మన సంఘాల్లో అందరికీ తెలుసు. 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వార్షికోత్సవాల్లో మనం ఆ అంకెను చెప్పుకుని మురిసిపోతాం. నన్ను అడిగితే, దానికి ముందు జరిగినదాని మీదే ఎక్కువ ప్రసంగాలు రావాలంటాను. 1876 నుండి 78 వరకూ ఇక్కడ ఘోరమైన కరువు. క్లౌ దొరగారు యువకుడిగా ఉన్నప్పుడు భూములు కొలిచే పని నేర్చినవాడు. జనం ఆకలితో రాలిపోతుంటే, మోకాళ్ల మీద ప్రార్థన చేసి ఊరుకోకుండా, బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టుగా తీసుకుని, ఆకలితో వచ్చినవారికి గంపా పారా ఇచ్చి, కూలి ఇచ్చి బ్రతికించాడు. ఆ పని జరుగుతున్నంత కాలం, బాప్తిస్మం ఇమ్మని అడిగినవారిని ఆగమన్నాడు. అన్నం కోసం వచ్చారన్న మాట వారి విశ్వాసం మీద పడకూడదని ఆయన పట్టుదల. ఆ కాలువ గట్టు మీద మట్టి మోసిన నెలల్లో ఆయన డైరీలో ఎన్ని గంటల ప్రార్థన ఉందో ఎవరు లెక్క అడుగుతారు?

నువ్వు నాలుగింటికి మోకరించిన గంట కొండ మీది ప్రార్థన లాంటిది. ఇప్పుడు నువ్వు కాలువ గట్టు మీద ఉన్నావు. రెండు చోట్లా దేవుడు ఒక్కడే. నీ ప్రార్థన ఎక్కడికీ పోలేదు తల్లీ, నీ చేతుల్లోకి దిగింది. బైబిలులో రూతు తన అత్త నయోమిని విడిచిపెట్టక ఆమె వెంట నడిచినట్టే నువ్వూ నడుస్తున్నావు.


జవాబు 2: మహబూబాబాద్ జిల్లా నుండి, స్త్రీల సమాజంలో పని చేసే ఒక అక్క

చెల్లీ, నీకు ఆ మాట అన్న పెద్దామె లాంటి దాన్నే నేను కూడా. పదేళ్ల క్రితం, బిడ్డ జబ్బుతో ఉన్న ఒక తల్లితో ఇంచుమించు ఇదే మాట అన్నాను. ఆమె తరువాత మందిరానికి రావడం మానేసింది. నేను వెళ్లి క్షమాపణ అడిగాను, ఆమె క్షమించింది కూడా. అయినా అన్న మాటను వెనక్కి తీసుకోవడం మనిషి చేతిలో లేదు. నీ విషయంలో ఆ పెద్దామె తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను.

ఉపాధ్యాయులవారు చెప్పినది నాకు ఇష్టమే, ఒక్క మాటలో తప్ప. సేవ అంతా ప్రార్థనే అనుకుని, నోటితో చేసే ప్రార్థనను పూర్తిగా వదిలేస్తే, కొన్నాళ్లకు ఆ సేవ ఎండిపోతుంది. మా అమ్మమ్మది దోర్నకల్ దగ్గర పల్లె. 1912లో మన దేశంలో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్యగారు కట్టిన సంఘాల్లో ఆమె పెరిగింది. ఆ సంఘాల్లో అత్యధికులు కూలి చేసుకుని బతికేవారు, కానుక వేయడానికి చేతిలో డబ్బు ఉండేది కాదు. అందుకని ఆడవాళ్లు పూటపూటకూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారం ఆ కుండ మందిరానికి వెళ్లేది. అమ్మమ్మ బియ్యం తీసేటప్పుడు పెదవులు కదిపేది. ఏం చెప్పుకుంటున్నావు అని అడిగితే, "ఇది నీది, మిగిలింది కూడా నీదే" అంటున్నానని చెప్పింది. అంతే ప్రార్థన.

నీకు ఇప్పుడు గంట లేదు, పిడికెడు ఉంది. జావ కలిపే ముందు ఒక మాట, దుప్పటి మార్చే ముందు ఒక మాట చెప్పుకో. నాలుగింటి గంట కోసం కుమిలిపోతూ ఉన్న పిడికెడు కూడా పారబోసుకోవద్దు. ఇక ఉపవాస ప్రార్థన సంగతి. నువ్వు కూటానికి రాలేకపోతే కూటమే నీ ఇంటికి రావాలి. మా సమాజంలో నెలకు ఒక శుక్రవారం, మంచంలో ఉన్నవారి ఇంట్లోనే పెట్టుకుంటాం. వచ్చినవారిలో ఇద్దరు రోగి దగ్గర కూర్చుంటే, ఆ ఇంటి ఇల్లాలు వెళ్లి రెండు గంటలు పడుకుంటుంది. ఆ రెండు గంటలూ ఆమెను లేపకూడదని మాకు నియమం ఉంది.


జవాబు 3: మస్కట్ నుండి, ఆసుపత్రిలో నర్సుగా పని చేస్తున్న ఒక సోదరి

అక్కా, నేను పదహారేళ్లుగా నర్సును. గుంటూరులో శిక్షణ పొందాను. పెద్దలు చెప్పినదాన్ని గౌరవిస్తూనే, కొంచెం గట్టిగా మాట్లాడాలనుకుంటున్నాను.

రూతు పేరు చెప్పి మన ఇళ్లలో కోడళ్ల నోరు మూయించడం నేను చాలా చూశాను. రూతు తనంతట తాను నయోమి వెంట వెళ్లింది, ఆమెను ఎవరూ నియమించలేదు. మీ ఇంట్లో ముగ్గురు కొడుకులు ఉండగా ఆమె భారమంతా ఒక్క కోడలి మీద పడిందంటే, దాన్ని ప్రేమ అని పిలిచి ఊరుకోవడం న్యాయం కాదు. మీరు అలసిపోయి, అంతటి ప్రార్థన చేసే దాకా వచ్చారంటే, అందులో మొదటి తప్పు మీది కాదు. ఏలీయా ప్రవక్త బదరీ వృక్షం కింద పడి, చచ్చిపోతే బాగుండునని దేవునితో అన్నప్పుడు, దేవుడు అతణ్ణి మందలించలేదు. దేవదూత రెండుసార్లు తట్టి లేపి, రొట్టె, నీళ్లు పెట్టాడు. మధ్యలో నిద్రపోనిచ్చాడు. మాటలు ఆ తరువాత వచ్చాయి. నిద్ర లేని మనిషి విశ్వాసాన్ని తూకం వేయకూడదని నేను ఇక్కడి రాత్రి డ్యూటీల్లో నేర్చుకున్నాను. తెల్లవారుజాము మూడు గంటలకు నాకు నా మీద కలిగే అభిప్రాయాన్ని నేను నమ్మను.

ఇప్పుడు పని సంగతి. ఒంటరిగా ఆమెను ఎత్తి తిప్పవద్దు, మీ నడుము పోతుంది. ఆమె నడుము కింద, భుజాల కిందికి వచ్చేలా ఒక దుప్పటిని మడత పెట్టి అడ్డంగా పరచి, ఇద్దరు రెండు వైపులా దాన్ని పట్టుకుని జరపండి. పక్షవాతం వచ్చిన చేతిని ఎప్పుడూ పట్టి లాగకూడదు, భుజం కీలు జారుతుంది. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి తిప్పమనే మేము చెబుతాం. అయితే అది ఒక్క మనిషి రాత్రంతా చేయగల పని కాదు. గాలిపరుపు అద్దెకు దొరికితే తెప్పించండి, దాని మీద రాత్రి ఎంత ఎడం ఇవ్వవచ్చో మీ వైద్యుణ్ణి అడగండి. మడమలు, తుంటి, వెన్ను కింది భాగం రోజూ వెలుతురులో చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కితే తెల్లబడకపోతే అది పుండుకు మొదలు. తాగించేటప్పుడు వీపు నిలబెట్టి కూర్చోబెట్టండి, తరువాత అరగంట పడుకోబెట్టవద్దు. నీళ్ల కంటే చిక్కటి జావ పొలమారే ప్రమాదం తక్కువ.

ఇంకొకటి. కుడి వైపు పడిపోయి మాట పోయినవారిలో చాలామందికి మెదడు ఎడమ వైపు దెబ్బ తిని ఉంటుంది. మాట కూర్చుకోవడం అక్కడి పని. కాని ఏళ్ల తరబడి నోటికి వచ్చిన పాట, కంఠతా వచ్చిన ప్రార్థన కొందరిలో చెక్కుచెదరకుండా మిగులుతాయి. నీళ్లు కావాలని అడగలేని మనిషి చిన్ననాటి కీర్తన పల్లవి అందుకోవడం నేను కళ్లారా చూశాను. ఆమె దగ్గర కూర్చుని పరలోక ప్రార్థన నెమ్మదిగా, పైకి వినబడేలా చెప్పి చూడండి. ఆమె కలిసి చెప్పకపోయినా నష్టం లేదు.

గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్‌ను మొదట వైద్యురాలిగా పంపలేదు, ఇళ్లలోని స్త్రీల మధ్య బోధించే పనికే పంపారు. ఆమె మందులు మానలేదు. పట్టుబట్టి, పదిహేనేళ్లు పాటుపడి, 1898లో ఆసుపత్రి తెరిపించారు. ప్రేమ ఉంటే చాలదని, ఒళ్లు ఎలా పట్టుకోవాలో కూడా తెలియాలని ఆమె నమ్మారు. మీ చేతులు గట్టిపడుతున్నాయన్నారు కదా. అందులో కొంత పాత గాయం. కొంత మాత్రం, నిజంగా, తప్పు పద్ధతిలో బరువు ఎత్తడం వల్ల. రెండోదాన్ని సరిచేసుకుంటే మొదటిదానితో పోరాడడానికి బలం మిగులుతుంది.


జవాబు 4: ఖమ్మం జిల్లా నుండి ఒక సంఘ కాపరి

సహోదరీ, నర్సు చెల్లెలు అన్న మాటకు నేను ఆమేన్ చెబుతున్నాను. రూతు గ్రంథం మీద నేను చేసిన ప్రసంగాల్లో ఆమె తప్పుపట్టిన పని నేనూ చేశాను. కోడళ్లకు వినబడేలా గట్టిగా, కొడుకులకు వినబడకుండా మెల్లగా ప్రసంగించాను. కాబట్టి ఆ గ్రంథాన్నే మీతో కలిసి మళ్లీ చదవనివ్వండి.

నయోమి బేత్లెహేముకు తిరిగి వచ్చినప్పుడు, నన్ను నయోమి అనకండి, మారా అనండి, అంటే చేదు అనండి అని ఊరివారితో చెప్పింది. సమృద్ధిగా వెళ్లాను, దేవుడు నన్ను వట్టి చేతులతో తీసుకువచ్చాడు అంది. ఆ మాట అంటున్నప్పుడు రూతు ఆమె పక్కనే నిలబడి ఉంది. దేశం, తల్లిదండ్రులు, దేవతలు అన్నీ విడిచి వచ్చిన కోడలు పక్కన ఉండగానే, అత్త తన చేతులు ఖాళీ అని ఊరందరి ముందు చెప్పింది. ఇంతకాలం చదివినా నేను దీన్ని గమనించలేదు. చుట్టాల ముందు మిమ్మల్ని లెక్క చేయని మాట రూతుకు కూడా తెలుసు. ఆమె ఏమని ప్రార్థించిందో ఆ గ్రంథం రాయలేదు. ఆమె పొలానికి వెళ్లి పరిగె ఏరిందని, సాయంత్రానికి తూమెడు యవలు అయ్యాయని, తనకు పెట్టిన పేలాల్లో కొన్ని మిగిల్చి అత్తకు తెచ్చిందని రాసింది. ఆ సాయంత్రం ఆమె మనసులో కోపం ఉందో లేదో మనకు చెప్పలేదు. పేలాలు మాత్రం తెచ్చింది. ప్రేమ అంటే మొదట మనసులో కలిగి తరువాత చేతుల్లోకి వచ్చేదని మనం అనుకుంటాం. చాలాసార్లు అది చేతుల్లో మొదలై, మనసు చేరడానికి ఏళ్లు తీసుకుంటుంది. మీ చేతులు గట్టిపడినా, ఆమె భుజం కిందికి వెళుతూనే ఉన్నాయి కదా.

ఇక రూతు పరిగె ఏరిన పొలం యజమాని బోయజు సంగతి. ఇశ్రాయేలు దేవుని రెక్కల కింద ఆశ్రయం కోరి వచ్చావు, ఆయన నీకు ప్రతిఫలమిచ్చునుగాక అని రూతును దీవించాడు. చక్కని ప్రార్థన. తరువాతి అధ్యాయంలో రూతు అతని దగ్గరకే వెళ్లి, నీ కొంగు నా మీద కప్పు అని అడిగింది. మన తెలుగులో ఒకచోట రెక్కలు, ఒకచోట కొంగు అని ఉంది గాని, హెబ్రీలో రెండు చోట్లా ఉన్నది ఒకే మాట. దేవుని రెక్క నీ మీద ఉండాలని ప్రార్థించావు కదా, ఆ రెక్క నువ్వే అని ఆమె అతనితో అన్నట్టయింది. మీ బావగారు, మరిది, మా లాంటి కాపరులు "మీ కోసం ప్రార్థిస్తున్నాం" అన్నప్పుడు మీరూ అలాగే అడగవచ్చు. అలా అడగడం విశ్వాసం లేకపోవడం కాదు. అడగడానికి మీకు భయంగా ఉంటే, మీ సంఘ కాపరిని వెంటబెట్టుకుని వెళ్లమని మీ భర్తకు చెప్పండి. అది కాపరి పనే.

ఉపవాసం విషయంలో యెషయా 58వ అధ్యాయం ఒక్కసారి తీసి చూడండి. దేవుడు ఏర్పరచుకున్న ఉపవాసం ఎలాంటిదో చెబుతూ, ఆకలిగొన్నవారికి ఆహారం పెట్టడం, దిగంబరికి వస్త్రం కప్పడం, రక్తసంబంధికి ముఖం తప్పించకపోవడం అని వరుసగా చెబుతుంది. ప్రభువు కూడా, నా దగ్గర ఉన్నది కొర్బాను, అంటే దేవునికి అర్పితం, అని చెప్పి తల్లిదండ్రులను విడిచిపెట్టినవారిని మార్కు సువార్త 7లో కఠినంగా గద్దించాడు. ఆ వాక్యం కోడలికంటే ముందు కొడుకులకు వర్తిస్తుంది, అది మరిచిపోవద్దు.

చివరకు, మీరు గోడకు ఆనుకుని చేసిన ప్రార్థన. దాన్ని మంచి ప్రార్థన అని నేను చెప్పను, మీరు కూడా నా నోట ఆ మాట వినాలనుకోవడం లేదు. కాని అది దేవుని దగ్గరకే వెళ్లింది. ఆ మాట మీరు మరెవరితోనూ అనలేదు, ఆయనతో అన్నారు. మోషే అరణ్యంలో, ఈ జనమంతటినీ నేనే కన్నానా, పాలిచ్చే దాదిలా రొమ్మున మోయడానికి అని దేవునితో వాదించి, ఈ బరువు నా వల్ల కాదు, నన్ను చంపెయ్యి అన్నాడు. సంఖ్యాకాండం 11లో ఉంది. దేవుడు అతణ్ణి చంపలేదు, విశ్వాసం పెంచుకోమనీ చెప్పలేదు. బరువు పంచుకోవడానికి డెబ్బైమంది పెద్దలను పిలిపించమన్నాడు. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది, దాన్ని కూడా మన పూర్వికులు పరిశుద్ధ గ్రంథంలో ఉంచారు. దేవుని మీద నమ్మకం అంటే మేలు జరుగుతుందన్న ధీమా అని నేను కూడా ఒకప్పుడు బోధించాను. నా భార్య రెండేళ్ల జబ్బు తరువాత, ఏ మాటనైనా ఆయన దగ్గరకే తీసుకువెళ్లడం నమ్మకమని తెలుసుకున్నాను. మీ అత్తగారు కోలుకుంటారని నేను మాట ఇవ్వలేను. ఆ రాత్రి ఆ గోడ దగ్గర మీరు ఒంటరిగా లేరని మాత్రం ప్రమాణపూర్వకంగా చెప్పగలను.

ఋణస్థుల మాట దగ్గర ఆగిపోతున్నారన్నారు. ఆగండి. అబద్ధమాడి దాటడం కంటే అక్కడ ఆగి నిలబడడం మేలు. మీరు ఆగినచోట ఆయన వేచి ఉంటాడు.


తిరిగి ప్రశ్న అడిగిన సోదరి, మూడు వారాల తరువాత

అందరికీ వందనాలు. పేరు పేరునా జవాబు రాయలేకపోయాను, క్షమించండి. జరిగినవి చెబుతాను.

కాపరిగారు చెప్పినట్టు మావారితో మాట్లాడాను. మొదట ఆయనకు కోపం వచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మా సంఘ కాపరి అయ్యగారిని తీసుకుని మరిది ఇంటికి వెళ్లారు. ఇప్పుడు శని, ఆదివారాల్లో రాత్రిపూట మరిది వచ్చి తల్లి దగ్గర పడుకుంటున్నాడు. మొదటి శనివారం అతనికి ఏదీ చేతకాక నన్ను నాలుగుసార్లు లేపాడు, రెండో వారం ఒక్కసారే లేపాడు. బావగారు గాలిపరుపుకు డబ్బు పంపారు. తోడికోడలు ఇంకా రాలేదు. మిగతా రాత్రుల్లో ఒక వంతు మావారు లేస్తున్నారు. నర్సు చెల్లెలు చెప్పిన దుప్పటి పద్ధతి నేర్చుకున్నాం, ఇద్దరం రెండు వైపులా పట్టుకుంటే ఆమె బరువే తెలియడం లేదు.

మహబూబాబాద్ అక్కకు ఒక మాట. మా సమాజం వాళ్లు మొన్న శుక్రవారం మా ఇంటికి వచ్చారు. నన్ను ఆ మాట అన్న పెద్దామే అందరి కంటే ముందు వచ్చి, అత్తగారి తల దువ్వి జడ వేశారు. నేను రెండు గంటలు పడుకున్నాను, ఎవరూ లేపలేదు.

ఇక పరలోక ప్రార్థన. రోజూ రాత్రి మంచం పక్కన కూర్చుని పైకి చెబుతున్నాను. తొమ్మిది రోజులు ఆమె ఊరికే విన్నారు. పదో రోజున అనుదినాహారము అన్న చోట ఆమె గొంతులో ఏదో కదిలింది, మాట స్పష్టంగా లేదు గాని రాగం అదే. నేను ఎప్పటిలాగే ఋణస్థుల మాట దగ్గర ఆగిపోయాను. ఆమె ఆగలేదు. ముద్దముద్దగా, నా మొహం చూస్తూ, ఆ వాక్యం చివరి దాకా చెప్పి, తరువాతి మాట కోసం నా వైపు చూశారు. ఆమెకు అర్థమై చెప్పారో, అలవాటుగా నాలుక పలికిందో నాకు తెలియదు. నేను తరువాతి మాట అందించాను.

చేతులు ఇంకా కొన్ని రాత్రులు గట్టిపడుతున్నాయి. నాలుగింటికి లేవడం లేదు. జావ కలిపేటప్పుడు పిడికెడు మాట చెప్పుకుంటున్నాను. నర్సు చెల్లెల్ని ఒకటి అడగాలి: ఎడమ మడమ దగ్గర నిన్నటి నుండి కొంచెం ఎర్రగా ఉంది, నొక్కితే తెల్లబడుతోంది. కాలి కింద దిండు పెట్టి మడమను గాలిలో ఉంచితే సరిపోతుందా, వైద్యునికి చూపించాలా?